తులిప్ ఆకులు కోసింది అత్తగారే, కానీ పూలు పోయింది అందుకేనా?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చాలా పెద్దది. ముఖ్యమైన సంగతులు మాత్రం కుదించి ఇస్తున్నాను.

ఎడిసన్ దగ్గర వాళ్లు ఇల్లు కొనుక్కుని నాలుగేళ్లయింది. వెనక కంచె పొడుగునా పాత ఓనర్లు నాటి వెళ్లిన డాఫడిల్స్ ఉన్నాయి. ఏటా మార్చి ఆఖరుకి కంచె అంతా పసుపుపచ్చగా విరగబూసేది. అది చూసి ముచ్చటపడి, ఏడాదిన్నర కిందట అక్టోబరులో ఆమె ఇంటిముందు నడకదారికి అటూ ఇటూ వంద తులిప్ గడ్డలు నాటారు. పెద్ద స్టోర్లలో దొరికే కలగలుపు ప్యాకెట్లు. నిరుడు ఏప్రిల్‌లో అవి పూసినప్పుడు వీధిలో వెళ్లేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకున్నారట. మే నెలలో తెనాలి వైపు నుంచి అత్తమామలు వచ్చారు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. పూలు రాలిపోయి, ఆకులు వాలిపోయి గుమ్మం ముందు చూడ్డానికి బాగోలేదని, వ్రతానికి ముందురోజు అత్తగారు కూరగాయల చాకుతో తులిప్ ఆకులన్నీ నేలకి సమంగా కోసేశారు. వెనక డాఫడిల్ ఆకుల్ని మాత్రం కోయలేదు. ఓపిగ్గా జడలల్లి ముడులు వేశారు. తర్వాతి వారం ఆ జడల మీదుగానే ఆమె భర్త లాన్ మూవర్ నడిపారు. జూన్‌లో ముందు లాన్‌కి ఆటోమేటిక్ స్ప్రింక్లర్ పెట్టించారు.

ఈ ఏప్రిల్‌లో వంద తులిప్‌లకి పది పన్నెండు పూశాయి. మిగతా చోట్ల చాలావరకు వెడల్పాటి ఆకు ఒక్కొక్కటి వచ్చి ఊరుకుంది. డాఫడిల్స్‌లో ఆకు దండిగా ఉంది, పువ్వు ఎక్కడో ఒకటి. వీడియో కాల్‌లో "అత్తయ్యా, మీరు ఆకులు కోశారు కదా, అందుకే ఈసారి పూయలేదు" అని ఆమె అనేశారు. "అంటే నా చెయ్యి పడితే చెట్టు చచ్చిపోయిందంటావా అమ్మా?" అని ఆవిడ ఫోన్ మామగారి చేతికిచ్చి వెళ్లిపోయారు. అప్పట్నుంచి మాటలు పొడిపొడిగా ఉన్నాయి. భర్తేమో "ఏటా డాలర్లు మట్టిలో పాతిపెట్టడం ఎందుకు, పీకేసి గడ్డి వేసేద్దాం" అంటున్నారు. అత్తమామలు మే మొదట్లో మళ్లీ వస్తున్నారు, ఆరు నెలలుంటారు. "గడ్డలు తవ్వేయాలా, ఉంచాలా? ఏటా పూయాలంటే ఏం చేయాలి? ఆకులు ముట్టుకోవద్దని అత్తయ్యకి ఎలా చెప్పాలి? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది" అని అడుగుతున్నారు. చివర్లో మరో రెండు చిన్న ప్రశ్నలు: షాపులో కొన్న హయసింత్ కుండీని పారేయాలా అని ఒకటి, కూకట్‌పల్లిలో ఉన్న వాళ్లమ్మగారి కోసం తులిప్ గడ్డలు సూట్‌కేసులో పట్టుకెళ్లొచ్చా అని ఒకటి.

సమాధానం:

మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి దగ్గర నేను ఆగుతాను. అదే జూన్‌లో పెట్టించిన స్ప్రింక్లర్. నన్నడిగితే, ఈ నష్టంలో అత్తగారి చాకు వాటా ఎంతో దీని వాటా కూడా అంత ఉండొచ్చు.

తులిప్ అనగానే హాలెండ్ గుర్తొస్తుంది కానీ దాని పుట్టినిల్లు అది కాదు. మధ్య ఆసియాలోని తియాన్‌షాన్, పామీర్ కొండలు. అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది. వసంతంలో మంచు కరిగి కొన్ని వారాలు తడి ఉంటుంది. ఆ తర్వాత వేసవంతా నేల ఎండిపోతుంది. తులిప్ ఆ వాతావరణానికి తగ్గట్టు తయారైన మొక్క. జూన్ తర్వాత పైన ఏమీ కనిపించదు కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. కానీ ఆ వెచ్చటి, పొడి మట్టిలోనే గడ్డ లోపల వచ్చే ఏటి మొగ్గ రూపు కడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో తెల్లవారుజామునే నీళ్లు పడుతుంటే గడ్డ కుళ్లుతుంది. మీ వైపు అసలే వేసవి వానలు ఎక్కువ, చాలాచోట్ల బంకమట్టి, ఆపైన స్ప్రింక్లర్. ఈసారి ఆకు కూడా మొలవని చోట ఒకసారి పార పెట్టి చూడండి. మెత్తబడి కుళ్లిపోయిన గడ్డ దొరికితే, అక్కడ పని చేసింది నీళ్లే అనుకోవచ్చు.

ఇక ఆ ఒంటి ఆకుల సంగతి. మీరు నాటిన గడ్డలు ఇప్పుడు నేలలో లేవు. ఇది చాలామందికి తెలియదు. తులిప్ గడ్డ పువ్వునిచ్చి, తనలో ఉన్నదంతా ఆ ఒక్క వసంతంలోనే ఖర్చు పెట్టి హరించుకుపోతుంది. దాని చోట జూన్ నాటికి పిల్ల గడ్డలు కొన్ని తయారవుతాయి. వాటిలో ఒకటి బాగా ఊరితే వచ్చే ఏడు పూస్తుంది. అన్నీ చిన్నవిగా మిగిలితే ఒక్కో గడ్డకి ఒక్కో వెడల్పాటి ఆకు వస్తుంది, అంతే. షాపులో మంచి గడ్డ అంటే చుట్టుకొలత 12 సెంటీమీటర్లో, ఇంకాస్త ఎక్కువో ఉన్నది. అది నెదర్లాండ్స్ రైతు మంచి ఇసుక నేలలో పెంచి, పువ్వు విచ్చగానే పొలమంతా మిషన్‌తో పూల తలలు తెంచేసి, ఆకుల్ని మాత్రం వాటంతటవే పండేదాకా వదిలేసి ఊరబెట్టిన గడ్డ. అంత బందోబస్తు మన ఇంటి ముందు కుదరదు. అందుకే రెండో ఏడు తులిప్‌లు తగ్గడం న్యూజెర్సీలో ఇంటింటి కథ.

పైగా మీరు కొన్నది కలగలుపు ప్యాకెట్. అలాంటి వాటిలో అంచులు చీలిన పారట్ రకాలు, ముద్దపూల రకాలు కూడా ఉండొచ్చు. చూడ్డానికి బ్రహ్మాండం. రెండో ఏడు మళ్లీ పూయడంలో మాత్రం అవే అందరికంటే వెనక.

కాబట్టి ఆకులు కోయకపోయినా ఈ ఏప్రిల్‌లో వందకి వంద పూసేవి కావు. ఈ మాట మీ అత్తగారిని వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. పూలు రాలిన రెండు వారాలకే ఆకు కోయడం వల్ల నష్టం జరిగింది, అది నిజం. పిల్ల గడ్డ ఊరాలంటే ఆకు పచ్చగా ఉండి ఎండ తినాలి. పువ్వు పోయాక ఆరు వారాల దాకా ఆ పని సాగుతుంది. దాన్ని మధ్యలో ఆపేశారు. కానీ వీడియో కాల్‌లో మీరు చెప్పిన "అందుకే" అన్న మాటలో మాత్రం న్యాయం తక్కువ. రకం ఎంచుకున్నది మీరు, నీళ్లు పెట్టించింది మీరిద్దరూ, తగ్గిపోవడం తులిప్ స్వభావం. ఆవిడ వాటా వీటిలో ఒకటి మాత్రమే.

డాఫడిల్స్ దగ్గర లెక్క వేరు. డాఫడిల్ గడ్డ తులిప్ లాగా కరిగిపోదు. ఏటా పొర మీద పొర చేరి లావవుతుంది, పక్కన పిల్లలు పెడుతుంది, అదే చోట దశాబ్దాలు బతుకుతుంది. పైగా దాని వచ్చే ఏటి పూమొగ్గ మే, జూన్ నెలల్లో, పైన ఆకు ఇంకా పచ్చగా ఉండగానే గడ్డలో మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఆకులు జడల్లో ఇరుక్కుని ఎండ తగలక, ఆపైన మూవర్ కింద పడి తెగిపోయాయి. ఈ ఏటి పూలు పోవడానికి నాకు కనిపించే మొదటి కారణం అదే. అందులోనూ జడల కంటే మూవర్ పాపమే ఎక్కువ. అన్నట్టు, ఆకులు అల్లి ముడి వేయడం మీ అత్తగారు కనిపెట్టినది కాదు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో పాతకాలపు తోటమాలులు చాలామంది అలాగే చేసేవాళ్లు. శుభ్రంగా కనిపిస్తుందని. ఆకు మడిస్తే దాని పని కుంటుపడుతుందని తెలిశాక మానుకోమని చెప్పడం మొదలైంది.

కంచె దగ్గర ఇంకో అనుమానం కూడా ఉంది. పాత ఓనర్లు ఎప్పుడు నాటారో మీకు తెలియదు. ఏళ్ల తరబడి విడదీయకపోతే గడ్డలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కిక్కిరిసిపోతాయి. అప్పుడు కూడా ఆకు దండిగా వచ్చి పువ్వు రాదు. పక్కింటి మేపుల్ చెట్టు పెరిగి నీడ ఎక్కువైనా ఇంతే. లాన్‌కి చల్లే నైట్రోజన్ ఎరువు కంచె దాకా పడినా ఆకే పెరుగుతుంది. ఏది నిజమో జూన్‌లో ఒక మూల తవ్వితే తెలిసిపోతుంది. పిడికెడు చోటులో పది పదిహేను చిన్న గడ్డలు ఇరుక్కుని ఉంటే విడదీయాల్సిందే. ఆకు పూర్తిగా పసుపుబారాక తవ్వి, చేత్తో సులువుగా విడివడేవాటిని విడదీసి, ఆరంగుళాల లోతులో, అరడుగు ఎడంగా మళ్లీ నాటండి. వెంటనే వచ్చే వసంతంలో పూలు తక్కువే ఉండొచ్చు. ఆ తర్వాతి ఏడు చూడండి. గడ్డలు కిక్కిరిసి లేకపోతే ఏమీ తవ్వకండి. ఈసారి ఆకుల్ని వాటి మానాన వదిలేస్తే చాలు.

ఇప్పుడు, అంటే ఈ జవాబు అందిన వారంలో చేయాల్సిన పనులు తక్కువే. పూసిన ఆ పది పన్నెండు తులిప్‌లకి, డాఫడిల్స్‌కి వాడిన పూల తలలు తుంచేయండి, కాడ, ఆకు వదిలేయండి. గింజ కడితే గడ్డకి పోవాల్సిన బలం గింజకి పోతుంది. ఆకులు పచ్చగా ఉన్నన్ని రోజులు వాన లేకపోతే కాసిని నీళ్లు పోయొచ్చు. ఆకు పసుపుబారడం మొదలవగానే ఆపేయండి. జూన్ మధ్యకి ఆకు లాగితే దానంతటదే ఊడి చేతికొస్తుంది. అప్పుడు తీసేయొచ్చు, అంతకుముందు కాదు. స్ప్రింక్లర్ పెట్టినవాళ్లని పిలిచి నడకదారి పక్కన నీళ్లు పడే తలల్ని మూయించండి, లేదా తిప్పించండి. ఇది పెద్ద పని కాదు, కానీ దీన్ని వాయిదా వేస్తే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. మట్టి సంగతి తెలుసుకోవాలంటే మీ రాష్ట్రంలోనే రట్గర్స్ యూనివర్సిటీకి మట్టి పరీక్ష ల్యాబ్ ఉంది, చిన్న ఫీజుతో చేసి రిపోర్టు ఇస్తారు. అది చూడకుండా బోన్‌మీల్ (ఎముకల పొడి) సంచీలు తెచ్చి పోయకండి. దాని వాసనకి ఉడతలు, కుక్కలు వచ్చి తవ్వడం తప్ప ఒరిగేది తక్కువ.

ఇక తులిప్‌లని ఉంచాలా, తీసేయాలా. దీనికి ఒక్కటే సరైన జవాబు లేదు. మీకు ఏది ముఖ్యం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నిరుడు కనిపించినట్టే ప్రతి ఏప్రిల్‌లో గుమ్మం ముందు రంగులు నిండిపోవాలి అంటే, తులిప్‌ని ఏటేటా కొత్తగా నాటే పూలమొక్కగానే చూడండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. నెదర్లాండ్స్‌లో లిస్సే ఊళ్లోని క్యూకెన్‌హాఫ్ తోటలో ఏటా సుమారు 70 లక్షల గడ్డలు చేత్తో నాటి, సీజన్ అవగానే తీసేస్తారు. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల పాదాల దగ్గర ఉన్న తులిప్ తోటలో కూడా నాటే పని ఏటా ఉంటుంది. ఈ దారిలో వెళితే పూలు అవగానే మే మొదట్లో అన్నీ పీకేయొచ్చు. ఆకులు ఎవరు కోశారన్న గొడవే ఉండదు. వ్రతం నాటికి గుమ్మం శుభ్రంగా ఉంటుంది. ఖర్చు మాత్రం ఏటా ఉంటుంది, మీ వారి సణుగుడు కూడా. వందకి బదులు నలభై మంచి గడ్డలు కొని, దారి పొడుగునా పలచగా కాకుండా గుమ్మం దగ్గర రెండు గుంపులుగా నాటితే కంటికి నిండుగానే ఉంటుంది, ఖర్చు సగానికి దిగుతుంది.

డబ్బు పోయకుండా, ఓపిక పోస్తాను అంటే రెండో దారి. ఆకులు ముప్పాతిక వంతు పసుపుబారాక జూన్‌లో గడ్డలు తవ్వి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, పెద్దవి ఏరి జాలీ సంచిలో వేసి, గాలాడే చోట అక్టోబరు దాకా దాచడం. స్ప్రింక్లర్ నీళ్ల నుంచి తప్పించుకోవడానికి ఇది మంచి ఉపాయం. కానీ ఉన్నమాట చెబుతాను: మీ దగ్గర ఇప్పుడు ఉన్నవి ఎక్కువగా చిన్న గడ్డలు. అవి పూసే సైజుకి రావడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టొచ్చు, కొన్ని ఎప్పటికీ రావు. ఈ పనిలో సంతోషం ఉంటేనే చేయండి. లెక్క చూసుకుంటే గిట్టదు. దాచేటప్పుడు ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ గడ్డలు ఉల్లిపాయల్లా ఉంటాయి, డాఫడిల్ గడ్డలు మరీను. డాఫడిల్ మొక్క అంతా విషమే. గడ్డ తింటే వాంతులు, కడుపునొప్పి తప్పవు, పూయని ఆకులు ఉల్లికాడల్లా కనిపిస్తాయి. బ్రిటన్‌లో 2015లో ప్రజారోగ్య శాఖ సూపర్‌మార్కెట్లకి లేఖ రాసి మరీ డాఫడిల్స్‌ని కూరగాయల దగ్గర పెట్టొద్దని చెప్పింది. మీ ఇంట్లో పెరట్లోంచి ఉల్లికాడలు తెంచుకొచ్చి వంటచేసే అలవాటు ఉన్న పెద్దావిడ ఉంటారు కాబట్టి, ఈ సంగతి ఆవిడ వచ్చిన మొదటి రోజే చెప్పండి. గడ్డల సంచి మీద తెలుగులోనే పెద్దక్షరాలతో రాయండి, వంటింటికి దూరంగా పెట్టండి. డాఫడిల్ కాడల జిగురు కొందరికి చేతులు దురదపెడుతుంది, గ్లౌజులు వేసుకుంటే మంచిది.

మూడో దారి, నేలలోనే ఉండి మళ్లీ మళ్లీ పూసే రకాలకి మారడం. తులిప్‌లలో డార్విన్ హైబ్రిడ్ అనే వర్గం ఉంది. ఎర్రటి అపెల్డోర్న్, గులాబీ రంగు పింక్ ఇంప్రెషన్ లాంటివి. స్ప్రింక్లర్ తగలని, బాగా ఎండపడే, నీరు నిలవని చోట ఎనిమిది అంగుళాల లోతున నాటితే కొన్నేళ్లపాటు నమ్మకంగా వస్తాయి. లోతుగా నాటితే గడ్డ తొందరగా చిన్న చిన్న ముక్కలుగా చీలిపోదు. ఇంకా గట్టివి కావాలంటే అడవి తులిప్‌లు: క్లూసియానా, టార్డా. జానెడు ఎత్తే ఉంటాయి, పువ్వు చిన్నది. వీధిలో వాళ్లు ఆగి ఫొటో తీసుకోరు. కానీ నచ్చిన చోట వాటంతటవే గుంపు కడతాయి, ఆకులు సన్నగా ఉండి వాడినా కంటికి ఆనవు. నేనైతే వీటివైపే మొగ్గుతాను, అది నా రుచి.

అన్నిటికంటే తేలికైంది, ముందు వైపు కూడా డాఫడిల్స్ నాటేయడం. జింకలు, ఉడతలు తులిప్‌ని లడ్డూలా తింటాయి, డాఫడిల్ జోలికి రావు. వేసవి నీళ్లని కూడా తులిప్ కంటే కాస్త బాగా తట్టుకుంటాయి. ముందుగా పూసేవి, నడిమివి, ఆలస్యంగా పూసేవి కలిపి నాటితే ఆరు వారాలు పూలు ఉంటాయి. ఒకసారి పెట్టిన డబ్బు చాలా ఏళ్లు వస్తుంది. మీ వారికి ఈ లెక్క నచ్చుతుందనుకుంటాను. రంగుల విషయంలో మాత్రం రాజీపడాలి. పసుపు, తెలుపు, కొంచెం నారింజ, అక్కడక్కడా లేత గులాబీ, అంతే. వంగపండు రంగు తులిప్ కోసం మనసు లాగితే ఓ ఇరవై గడ్డలు కుండీల్లో ఏటా వేసుకోండి.

గడ్డి వేసేద్దామన్న మాట మీ వారు విసుగులో అన్నదే అనిపిస్తోంది. ఆయనతో వాదన పెట్టుకోవడం కంటే, కంచె నుంచి మూడడుగుల దూరంలో ఇటుకలతో ఒక గీత పెట్టండి. జూన్ మధ్య దాకా మూవర్ ఆ గీత దాటకూడదు. నోటిమాట కంటే ఇటుక బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు అత్తగారి సంగతి. మీరు దీన్నే అన్నిటికంటే పెద్ద చిక్కుగా రాశారు, నాకూ అలాగే అనిపించింది.

మీ వారి చేత చెప్పించొచ్చు. "అమ్మా, ఈసారి మొక్కలు ముట్టుకోకు" అని కొడుకు చెబితే ఆవిడ ముట్టుకోరు. కానీ ఆ మాట ఎవరు చెప్పించారో ఆవిడకి తెలుసు. ఆరు నెలలూ ఆ తోటలో అడుగు పెట్టకుండా, సోఫాలో కూర్చుని అది కూడా మీకు గుర్తుచేస్తుంటారు. ఏమీ అనకుండా చుట్టూ చిన్న కంచె కట్టి ఊరుకోవచ్చు. అది కూడా మాటే, కాకపోతే నోటితో అనలేదంతే. లేదా మీరే నేరుగా చెప్పొచ్చు. చెప్పేదైతే ఆవిడ వచ్చాక కాదు, విమానం ఎక్కకముందే ఒకసారి ఫోన్ చేయండి. "అత్తయ్యా, ఆ రోజు తప్పంతా మీదే అన్నట్టు మాట్లాడాను. తర్వాత కనుక్కుంటే, ఆకుల వల్ల కొంత, మేం పెట్టించిన నీళ్ల వల్ల కొంత, ఆ మొక్క తీరే కొంత అని తెలిసింది" అనండి. ఇది సర్ది చెప్పడానికి అల్లిన మాట కాదు, ఉన్న విషయమే. అందుకే చెప్పడం తేలిక. వీలైతే మీ వారు కూడా పక్కనుండగా చెప్పండి. మూవర్ సంగతి ఆయన నోటే వస్తే ఇంకా మంచిది.

ఆ తర్వాత ఆవిడకి పాఠం చెప్పకండి, అడగండి. మీ అత్తగారి పుట్టిల్లు దుగ్గిరాల దగ్గరని, చిన్నప్పుడు వాళ్లకి పసుపు సాగు ఉండేదని మీ ఉత్తరంలో ఇంకెక్కడో రాశారు. ఆకు పచ్చగా ఉండగా కోసేస్తే పసుపు దుంప ఊరదని, ఆకు ఎండి పడిపోయాకే తవ్వాలని ఆవిడకి మీరూ నేనూ చెప్పక్కర్లేదు. నిరుడు ఆవిడ కోసింది తెలియక కాదు. పూలు అయిపోయిన మొక్క అనుకుని, బంతి మొక్కలు తీసేసినట్టు తీసేశారు. కింద దుంప ఊరుతోందని ఎవరూ చెప్పలేదు. ఈసారి వచ్చాక ఒక తులిప్ మొక్కని గడ్డతో సహా తవ్వి ఆవిడ చేతిలో పెట్టి, "అత్తయ్యా, ఇది ఎప్పుడు తవ్వాలంటారు?" అని అడిగి చూడండి. జవాబు ఆవిడే చెబుతారని నా నమ్మకం.

నమ్మకమే, హామీ కాదు. ఆవిడకి అలక పూర్తిగా తీరకపోవచ్చు, లేదా "నాకెందుకమ్మా మీ మొక్కల గొడవ" అనొచ్చు. అలా అంటే బతిమాలకండి. పెరట్లో ఎండపడే చోట ఒక మడి ఆవిడకి విడిగా ఇచ్చేయండి. గోంగూర, బెండ, తోటకూర, ఆవిడ ఇష్టం. అక్కడ మీరు సలహాలివ్వకండి. చేతిలో పని ఉన్న మనిషి పక్కవాళ్ల ఆకుల జోలికి రాదు.

ఆవిడ చేయి వేస్తానంటే మాత్రం గుమ్మం ముందు ఆవిడకి నచ్చే పని ఉంది. వాడిన పూల తలలు తుంచడం. దాంతో సగం శుభ్రం వచ్చేస్తుంది. రెండోది, తులిప్ ఆకులు వాడుతుండగానే వాటి మధ్యలో నాచుపూల ముక్కలు గుచ్చడం. అక్కడి నర్సరీల్లో పోర్చులాకా అంటారు, మన వైపు కుండీల్లో టేబుల్ రోజ్ పేరుతో అమ్మేదే. వేళ్లు లోతుకి పోవు, నీళ్లు పెద్దగా అడగవు, అందుకని కింద ఉన్న గడ్డలకి ఇబ్బంది లేదు. జూన్ నెలాఖరుకి ఖాళీ నేల కనపడకుండా కమ్మేస్తాయి. డాఫడిల్స్ ముందు డే లిల్లీలు వేస్తే అవి లేచేసరికి వాడిన ఆకులు వాటి వెనక దాక్కుంటాయి. మే నెలలో వ్రతం మళ్లీ ఉంటే, గుమ్మానికి చెరోవైపు పూల కుండీలు పెట్టి, పూజ వెనక డెక్ మీద పెట్టుకునే వీలుందేమో చూడండి. ఏ తేదీ పెట్టుకోవాలన్నది మీ ఇంటి సంగతి, దానిలో నేను వేలు పెట్టను.

హయసింత్ కుండీని పారేయకండి. పూల కంకి కోసేసి ఆకులు ఉంచి, ఎండ తగిలే కిటికీలో నీళ్లు పోస్తూ ఉండండి. చలి తగ్గాక గడ్డని నేలలోకి మార్చండి. మళ్లీ షాపులో ఉన్నంత ఒత్తుగా కంకి రాదు, పలచగా వస్తుంది, వాసన మాత్రం అదే. అలా కుండీలో ముందే పూయించిన తులిప్‌లు అయితే పారేయడమే మంచిది.

కూకట్‌పల్లికి సూట్‌కేసులో గడ్డలు వద్దు. నాటే గడ్డలు, మొక్కలు భారత్‌లోకి తేవాలంటే దిగుమతి పర్మిట్, తెగుళ్లు, పురుగులు లేవని అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ఫైటోసానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. అవి లేకుండా తెస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పోనీ అక్కడే ఆన్‌లైన్‌లో కొన్నా, హైదరాబాద్ చలి తులిప్‌కి చాలదు. దానికి 12 నుంచి 16 వారాలు, తొమ్మిది డిగ్రీలకి లోపు చలి తగిలితేగానీ కాడ సాగదు. ఫ్రిజ్‌లో అన్ని వారాలు పెట్టి జనవరిలో కుండీలో నాటితే ఒకసారి పూస్తుంది, ఆ తర్వాత ఎండలకి గడ్డ నిలవదు. ఫ్రిజ్‌లో పెట్టినన్నాళ్లూ యాపిల్స్, అరటిపళ్లు, మామిడిపళ్లు పక్కన ఉండకూడదు, పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గని చంపేస్తుంది. మన ఇళ్లలో అది సాధ్యమా అన్నది మీకే తెలుసు. మీ అమ్మగారికి ఏటా పూసే గడ్డ కావాలంటే కడియం నర్సరీల్లోనో, హైదరాబాద్‌లోనే ఏ మంచి నర్సరీలోనో అమరిల్లిస్ పేరుతో అమ్మే హిప్పియాస్ట్రమ్ అడగమనండి. చలి అక్కర్లేదు, చలికాలంలో కొన్ని వారాలు నీళ్లు తగ్గిస్తే ఎండలు ముదిరేలోపు పెద్ద పెద్ద పూలు పూస్తుంది. ఫుట్‌బాల్ లిల్లీ అయితే మేలో తొలకరి జల్లులకి నేలలోంచి ఎర్రటి బంతిలా లేస్తుంది. రెండిటికీ సూత్రం మీ తులిప్‌లకి చెప్పిందే: పూశాక ఆకు కోయొద్దు. హిప్పియాస్ట్రమ్ నాటేటప్పుడు మాత్రం లోతు పెట్టకుండా, గడ్డ మెడ, భుజాలు మట్టి పైకి కనిపించేలా ఉంచమనండి. మొత్తం కప్పేస్తే కుళ్లుతుంది.